వరదకు అందని గ్యాలరీ

పాత ఫుట్‌బాల్ మైదానంలో ఆఖరి ఆట ముగిసి జనం వెళ్ళిపోతున్నారు. గ్యాలరీ పై వరుసలో ఒక్కడే కూర్చున్న ఒకప్పటి గోల్‌కీపర్ దగ్గరికి తల నెరిసిన ఒకావిడ వచ్చింది.

“అన్నయ్యగారూ, గుర్తుపట్టారా? వరదల్లో నన్ను ఇక్కడికి మోసుకొచ్చారు.”

“నిండు నెలలతో ఉన్నావు. ఎలా మరిచిపోతానమ్మా? ఇక్కడే కాన్పయింది కదా.”

“రేపు దీన్ని కూల్చేస్తారట. ఈలోగా మీకో దణ్ణం పెట్టుకుని పోదామని వచ్చాను.”

“నాకెందుకమ్మా? నేను మోసింది నాలుగు మెట్లే. మిల్లు కూలీలు డ్యూటీ దిగాక తట్టలతో మట్టి మోసి ఈ గ్యాలరీ కింది గట్టు లేపారు. మా నాన్న వాళ్ళలో ఒకడు. ఆట చూడ్డానికి ఇంత ఎత్తెందుకని ఊరంతా నవ్వింది. వెనకాల కూర్చున్న పొట్టివాళ్ళకి కూడా బంతి కనపడాలని వాళ్ళు పట్టుబట్టారు. ఆ ఎత్తే మనందర్నీ బతికించింది.”

“అయితే ఈ దణ్ణం మీ నాన్నగారికి కూడా.”

“అది బాగుంది. పాప ఎలా ఉంది?”

“పాపేంటి, ఇద్దరు పిల్లల తల్లి. అదిగో, కింద గేటు దగ్గరుంది. ఫుట్‌బాలంటే దానికి చిరాకు. కానీ ఎక్కడ పుట్టావని ఎవరడిగినా, ‘గ్యాలరీలో, టికెట్ లేకుండా’ అంటుంది.”

“ఒకసారి పైకి పిలువమ్మా. ఆ రోజు మా జట్టంతా నీకు అడ్డుగా, అటు తిరిగి నిలబడ్డాం. పాపని చుట్టడానికి నా చొక్కా కూడా వెనక్కి చూడకుండానే అందించాను. అంతలో పడవొచ్చి మిమ్మల్ని తీసుకెళ్ళిపోయింది. ఏడుపు విన్నానే గానీ, దాని మొహం ఇంతవరకూ చూడలేదు.”