పదకొండో చేప

అద్దకం మిల్లు వెనక షెడ్డులో, గాజు తొట్టి ముందు చతికిలబడి చేపల్ని లెక్కపెడుతోంది పరిశోధకురాలు. వాచ్‌మన్ టీ గ్లాసు తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

"మిల్లు రంగునీళ్లని ఫిల్టరు చేసి పోస్తే, పది రోజులైనా పదికి పదీ బతికే ఉన్నాయి బాబాయ్! ఇక ఈ నీళ్లు కాలవలోకి వదిలినా ఏ భయమూ లేదు. రేపే ఓనరు గారికి రిపోర్టు ఇస్తా."

"బతకవా మరి! రోజూ నేను నీళ్లు మారుస్తుంటే."

ఆమె గిర్రున అతనివైపు తిరిగింది. "మార్చారా? తొట్టి ముట్టుకోవద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానే!"

"మిల్లు నీళ్లలో అవి ఎప్పుడు చస్తాయా అని చూస్తూ ఊరుకోమంటావా తల్లీ? ప్రాణం ఒప్పలేదు."

"నా కష్టమంతా మట్టిపాలు చేశారు కదా! ఇంతకీ ఏం నీళ్లు పోశారు?"

"బోరు నీళ్లే. గోడ పక్కన ఆకుపచ్చ కుళాయి లేదూ? అద్దంలా వస్తాయి."

"అది బోరుది కాదు బాబాయ్! ఫిల్టరు నీళ్లు వచ్చేది అందులోంచే!"

"ఆ రంగునీళ్లా? నన్ను నమ్మమంటావా?"

"మీరే బోరు నీళ్లనుకున్నారంటే, ఇంతకంటే సర్టిఫికెట్ ఏం కావాలి!" అంటూ ఆమె హాయిగా ఓ గుక్క టీ తాగింది.

వాచ్‌మన్ మాత్రం నవ్వలేదు. ఆ గ్లాసుకేసే చూస్తున్నాడు.

"ఏమైంది బాబాయ్?"

"ఏం లేదమ్మా... వారం నుంచీ నీకు టీ కూడా ఆ కుళాయి నీళ్లతోనే పెడుతున్నా. నువ్వేమో రోజూ రెండో గ్లాసు అడిగి మరీ తాగుతున్నావు."

ఆమె గ్లాసులోకి చూసింది, తొట్టిలోకి చూసింది. రిపోర్టులో బతికినవి పది అని రాయాలో, పదకొండు అని రాయాలో తేల్చుకోలేకపోయింది.