పదో కుర్చీ

"అర్జీ ఇచ్చావా లేదా, ఒక్క ముక్క చెప్పు" అన్నాడు నరసింహమూర్తి. ఆయన చేతిలో టీ చల్లారిపోతోంది.

"చెప్తాను మూర్తిగారూ, చెప్పకుండా ఎక్కడికి పోతాను? కాస్త జరగండి. సత్తెమ్మా, మలాయి వేసి ఒక టీ!"

బుల్లిబాబు డ్రాయింగులు చుట్టి పెట్టుకునే రేకు గొట్టాన్ని ఒళ్ళో సర్దుకుంటూ బల్ల మీద కూర్చున్నాడు. పంతొమ్మిదివందల డెబ్భై నాలుగు ఎండాకాలం, బాలానగర్ లేత్ షెడ్ల వెనక సత్తెమ్మ టీ కొట్టు. సాయంత్రాలు అక్కడ చేరేదంతా చిన్నాచితకా ఆర్కిటెక్టులే. ఒక్కొక్కరికీ ఒక గది, అందులో ఒక డ్రాయింగు బల్ల, అంతే ఆఫీసు. వాళ్ళ సంఘం కమిటీలో కుర్చీలు తొమ్మిది. తొమ్మిదీ పట్నంలోని పెద్దాఫీసులవే. అయిదు బల్లలు లేని ఆఫీసు పేరు సంఘం పుస్తకంలోంచి కొట్టెయ్యాలని ఆ తొమ్మిదిమందీ కొత్త నియమం తెస్తున్నారు. పుస్తకంలో పేరు లేనివాడు సొంతంగా ఆఫీసు నడపడానికి లేదు. అందుకని పదో కుర్చీ ఒకటి వేసి చిన్నాఫీసులకివ్వమని వీళ్ళంతా అర్జీ రాసి సంతకాలు పెట్టారు. అర్జీ పట్టుకెళ్ళినవాడికే మీటింగులో మాట్లాడే హక్కు. మాటకారి కదా అని దాన్ని బుల్లిబాబు చేతిలో పెట్టారు. మీటింగు నిన్ననే అయింది.

"కూకట్‌పల్లిలో బస్సు దిగానండీ. అక్కణ్ణుంచి మాదాపూర్ దాటి బండల్లోకి నడక. సంఘం కొత్త హాలు అక్కడే కదా కడుతున్నారు, కప్పు పడింది, తలుపులింకా పెట్టలేదు. మిట్టమధ్యాహ్నం, దారిలో కాకి కూడా లేదు. గుమ్మంలో వాచ్‌మన్ అడ్డం పడ్డాడు. ఏ ఆఫీసన్నాడు. బుల్లిబాబు ఆఫీసన్నాను. ఎన్ని బల్లలన్నాడు. ఒకటే, కానీ దాని ముందు కూచునేది నేనన్నాను. అంతే, సలాం కొట్టి పక్కకి తప్పుకున్నాడు!"

"వాచ్‌మన్ బల్లల లెక్క ఎందుకడుగుతడు?" అన్నాడు మొగిలి. చందానగర్‌లో ఒక గది ఆఫీసు అతనిది. సైకిలుకి ఆనుకుని నిలబడే ఉన్నాడు, కూర్చోలేదు.

"అడిగాడు తమ్ముడూ, నువ్వున్నావా అక్కడ? విను. గుమ్మం దాటానా, ఒళ్ళు జలదరించింది. బయట రాళ్ళు కొట్టేవాళ్ళ సుత్తి చప్పుడు అప్పటిదాకా వినపడుతూనే ఉందండీ, లోపల కాలు పెట్టగానే టక్కున తెగిపోయింది. నా చెప్పుల చప్పుడు నాకే వినపడలేదు. ఎదురుగా తొమ్మిది కుర్చీలు, ఇటు వరసలు వరసలుగా సభ్యులు. అందరి నీడలూ ఒకే వైపు, ఏటవాలుగా, సరిగ్గా నలభై అయిదు డిగ్రీల్లో పడి ఉన్నాయి. సూర్యుడు నడినెత్తిన ఉంటే, అదీ కప్పు కింద, ఆ నీడలెక్కణ్ణుంచి వచ్చాయంటారు? కాయితం మీద మనం సెట్‌స్క్వేర్ ఆన్చి వేస్తామే, అచ్చం ఆ నీడలే."

నరసింహమూర్తి చల్లారిన టీ బల్ల మీద పెట్టాడు.

"మొహాలు చూద్దామని ముందుకెళ్ళాను. మొహాల్లేవు."

"అయ్యో దేవుడా" అంది సత్తెమ్మ, గిన్నె దించుతూ.

"భవనం బొమ్మ గీసి పక్కన ఒక మనిషిని నిలబెడతాం సత్తెమ్మా, అది ఎంత ఎత్తో చూసేవాడికి తెలియడానికి. తలకాయ ఒక సున్నా, కాళ్ళు మొనదేలి ఉంటాయి. కళ్ళూ ముక్కూ ఎవడు గీస్తాడు, టైమెక్కడిది? ఆ మనుషులే అందరూ. ఇంకో మాట చెప్పనా? పట్నం పెద్దాఫీసులో పద్దెనిమిదేళ్ళు నడుము వంచి నేను గీసిన మనుషులే వాళ్ళు. నా చెయ్యి నాకు తెలీదూ? నేను గీసే బొమ్మకి ఎడమ భుజం కాస్త దిగుతుంది, నా భుజం లాగే. అక్కడ కూచున్న ప్రతివాడికీ ఎడమ భుజం దిగే ఉంది."

పక్క షెడ్డులో లేత్ ఆపేశారు. ఉన్నట్టుండి అంతా నిశ్శబ్దమయ్యేసరికి బుల్లిబాబే ఒకసారి ఉలిక్కిపడి, మళ్ళీ అందుకున్నాడు.

"వరసలో ఒక చోట కూచున్నానో లేదో, అధ్యక్షుడు పిలిచాడండీ. 'చిన్నాఫీసుల తరఫున ఎవరైనా ఉన్నారా?' అని. నోరు లేని మనిషికి గొంతెలా వచ్చిందో! గోడలోంచి వచ్చినట్టుంది."

"ఎన్నిసార్లు పిలిచిండు?" అన్నాడు మొగిలి.

"మూడుసార్లు. మూడోసారికి లేచాను. లేచి, గొట్టం మూత తీశాను. తీశానే గానీ, అర్జీ చేతికిస్తే చదవడానికి వాళ్ళకి కళ్ళేవి? ఇలా కాదనుకుని జేబులో ఇంకు పెన్ను లాగి, తొమ్మిదో కుర్చీ పక్కన, గాల్లో, పదో కుర్చీ గీసి పారేశాను. వెళ్ళి కూచున్నాను. కిర్రుమంది!"

"గాలిల గీస్తే నిలుస్తదా సారూ?"

"మిగతావాళ్ళ గీత నిలవదు సత్తెమ్మా. నాది నిలుస్తుంది. కూచున్నానా, ఆ సున్నా తలకాయలన్నీ ఒక్కసారి నావైపు తిరిగాయి. లేచి ఒక్కొక్కళ్ళూ రావడం మొదలెట్టారు. పక్కకి తిరిగితే మనిషి మాయం, ఒట్టి గీత. ఇటు తిరిగితే మళ్ళీ మనిషి. అధ్యక్షుడి చెయ్యి వచ్చి నా భుజమ్మీద పడింది. చల్లగా, బరువన్నది లేకుండా, ట్రేసింగ్ కాయితం పడ్డట్టు. పై ప్రాణాలు పైనే పోయాయనుకోండి! అయినా బుల్లిబాబు బెదురుతాడా? తప్పు గీత పడితే మనమేం చేస్తాం? బ్లేడుతో గీకేస్తాం. బ్లేడు తీశాను. అధ్యక్షుణ్ణి మోకాళ్ళదాకా గీకాను. ఆయన చేతిలోని నియమం మొత్తం గీకాను. అక్కడితో ఊరుకున్నానా? ప్లానులో దిక్కు చూపడానికి వేస్తామే, ఆ ఉత్తరం బాణం నేల మీద ఉంటే పట్టుకుని గిర్రున తిప్పాను. హాలు హాలంతా తిరిగింది! తూర్పు గుమ్మం పడమరకొచ్చింది, బయట బండలు మూలుగుతూ జరిగాయి, సూర్యుడు వెనక్కి నడిచి పదిన్నర దగ్గర ఆగాడు. నిన్న మీ గడియారాలు కాసేపు ఆగలేదూ? అదంతా నా పనే."

ఇంకో రోజైతే ఈపాటికి నవ్వులతో కొట్టు ఎగిరిపోయేది. ఇవాళ ఎవరూ నవ్వలేదు.

"అవన్నీ సరే" అన్నాడు నరసింహమూర్తి. ఆయన గొంతులో ఆశ వినపడుతోంది. "కుర్చీ మనకొచ్చినట్టేగా? నా పేరు పుస్తకంలో ఉంటుందిగా? యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి బుల్లిబాబూ. మళ్ళీ వెళ్ళి ఇంకొకడి బల్ల దగ్గర వంగలేను."

బుల్లిబాబు ఆయన వైపు చూడలేదు. టీ ఒక గుక్క తాగాడు.

"వచ్చిందండీ. ఇప్పటికీ అక్కడే ఉంది ఆ కుర్చీ. కాకపోతే... ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నాకెరుకే" అన్నాడు మొగిలి. "నేను నిన్న ఆడనే ఉన్న."

బుల్లిబాబు గ్లాసు కింద పెట్టాడు.

"మనసాగక సైకిల్ మీద పోయిన. చేతిల అర్జీ లేకపాయె, నన్ను మాట్లాడనియ్యరు. ఎనక గోడకు ఆనుకొని నిలబడ్డ. మూడుసార్లు పిలిచింది నిజం అన్నా. నువ్వు చెప్పినదాంట్ల గదొక్కటే నిజం. మూడో వరుసల కూసున్నవ్, గొట్టం ఒళ్ళ పెట్టుకొని. 'లే అన్నా, జర లే' అని ఎనకకెల్లి గుసగుసగ పిలిచిన. నువ్వు తల తిప్పలె. నాకు నీ మొహం కనబడలె. ఎడమ భుజం దిగి ఉండె, గంతే. ఆళ్ళు చేతులెత్తిన్రు, నియమం రాసుకున్నరు. పొద్దుగాలనే అందరికీ చెప్దామనుకున్న. నువ్వే చెప్తవేమో అని ఇప్పటిదాంక చూసిన."

సత్తెమ్మ పొయ్యి వైపు తిరిగిపోయింది.

"లేవలేకపోయాను మూర్తిగారూ" అన్నాడు బుల్లిబాబు. "ఇక్కడ వచ్చే మాట అక్కడ రాలేదు. ఆ అధ్యక్షుడి దగ్గరేనండీ నేను పద్దెనిమిదేళ్ళు పనిచేసింది. ఎవరైనా ఉన్నారా అని అడుగుతూ సూటిగా నావైపే చూశాడు. అక్కడ కుర్చీ తప్ప మనిషి లేనట్టు చూశాడు. మూడుసార్లూ అలాగే చూశాడు. మూడోసారికి నేను నిజంగానే లేనేమో అనిపించిందండీ. నా చేతులు చూసుకున్నాను, ఉన్నాయో లేవో అని. చాలా భయమేసింది."

నరసింహమూర్తి చెయ్యి చాపాడు. బుల్లిబాబు గొట్టం ఇచ్చాడు. ఆయన మూత తీసి, అర్జీ బయటికి లాగి, మోకాలి మీద పరుచుకుని, అన్నిటికంటే పైనున్న తన సంతకాన్ని కాసేపు చూసుకున్నాడు. తర్వాత దాన్ని చుట్టి మళ్ళీ గొట్టంలోనే పెట్టి మూత బిగించాడు.

"ఆ అధ్యక్షుడు నీకు తెలిసినవాడేగా" అన్నాడు. "సోమవారం నన్ను తీసుకెళ్ళి ఆయన ఆఫీసులో ఒక బల్ల ఇప్పించు. మనిషి బొమ్మలు నేనూ బాగానే గీస్తాను."