మూడు గీతలు మిగిల్చిన క్యాథరిన్ గారు

1971 జూన్ 14న శ్రీమతి క్యాథరిన్ గారు తాడేపల్లిగూడెంలోని మన లోహ పరిశోధనశాలలో సహాయకురాలిగా చేరారు. తూకపు పళ్లెం ముందు మొదలైన ఆ సేవ, 1988లో అధిక పీడన యంత్రం వచ్చిన నాటి నుండి దాని పర్యవేక్షణగా పరిణమించి, ముప్పై ఆరేళ్లు అవిచ్ఛిన్నంగా సాగింది. మామూలుగా కలవని లోహాలను తీవ్రమైన ఒత్తిడిలో, వేడిలో ఏకం చేసి నూతన సమ్మేళనాలను సాధించడమే ఈ శాల ధ్యేయం. యంత్రం ఏది సాధించినా, ముందుగా సందేహించేది ఆమే.

2003లో ఇనుమునూ బిస్మతునూ కలిపి ఒత్తిన ముక్కకు ఎక్స్‌రే తీస్తే, ఏ గ్రంథంలోనూ లేని ఏడు గీతలు కనిపించాయి. ఏ పదార్థానికైనా ఈ గీతలు వేలిముద్రల్లాంటివి. కొత్త సమ్మేళనమేనని అందరం సంబరపడ్డాం. పరిశోధక విద్యార్థిని శాలిని డాక్టరేటు ఆ గీతల మీదే ఆధారపడి ఉంది. క్యాథరిన్ గారు మాత్రం మిఠాయి ముట్టలేదు.

"ఏవండీ, ఇవన్నీ మనవేనంటారా?" అన్నారు.

ఆ మాట శాలాధిపతి జగ్గారావుకు, అనగా ఈ వ్యాసకర్తకు, గుచ్చుకుంది. ఆపై ఆదివారాల్లో ఎవరో యంత్రం నడుపుతున్నట్టు కరెంటు మీటరు చెప్పింది. శాల తాళంచెవి ఆమె దగ్గరే ఉండేది. మన ముక్కలాంటివి ఒత్తి మరో శాలకు చేరవేస్తున్నారేమోనని అతని బుర్రలో పురుగు తొలిచింది. లోహాల బీరువా తాళం మార్చాడు, సాయంత్రాలు ఆమె చేతిసంచిని ఓరకంట గమనించాడు, చివరికొక ఆదివారం తలుపు వెనక కాపు కాశాడు.

ప్రార్థన ముగించుకుని ఏలూరు నుంచి ప్యాసింజర్‌లో వచ్చిన ఆమె, లోహాలను ఉంచే చిన్న డబ్బీని ఖాళీగానే యంత్రంలో పెట్టారు. జగ్గారావు ఆగలేక ముందుకొచ్చాడు.

"ఏం చేస్తున్నారండీ?"

"రండి సార్. వట్టి డబ్బీ ఒత్తి చూస్తున్నానండీ, ఇది ఆరోసారి. ఏడింట్లో నాలుగు గీతలు ఒత్తిడికి మారిపోయిన డబ్బీవేనండీ. పత్రం అచ్చయ్యాక ఎవరైనా పట్టుకుంటే ఆ పిల్ల చదువేమైపోద్దండీ?"

"ముందే చెప్పొచ్చు కదా!"

"మిగతా మూడూ నిలుస్తాయో లేదో తేలకుండా ఎలా చెప్పనండీ?"

నిలిచాయి. ఆ మూడు గీతలతోనే పత్రం వెలువడింది, శాలినికి డాక్టరేటు లభించింది. ఆనాడు జగ్గారావు సాయానికే వచ్చాడనుకుని, ఆమె తన క్యారేజీలోని అన్నం, కొల్లేటి కొర్రమీను పులుసు సగం పెట్టారు. తానెందుకు వచ్చాడో అతను చెప్పలేకపోయాడు. అందుకు నేటికీ సిగ్గుపడుతున్నాడు.

2007 జూన్ 30న పదవీ విరమణ చేస్తున్న క్యాథరిన్ గారు ఆయురారోగ్యాలతో, కుటుంబ సమేతంగా నిండు నూరేళ్లు వర్ధిల్లాలని ఆకాంక్షిస్తూ, ఆ ఆదివారం తాను దొంగను పట్టుకోవడానికే వచ్చానని జగ్గారావు అందరి ఎదుటా ఒప్పుకుంటున్నాడు. ఇది చదివాక కూడా తనతో మాట్లాడమని చేతులు జోడించి వేడుకుంటున్నాడు.