గురువారం వండిన పప్పు

తులసి మేడం గారికి,

నానెప్పుడూ ఏదీ రాయలేదు. అయిదో క్లాసుతో బడి మానీసేను. నోటితో సెప్పడానికి సిగ్గు. అయినా మీరేటి మేడం గారూ, నిన్న పిల్లలందరి సేతా నాకు సప్పట్లు కొట్టించేరు? బడిలో వంట సేసే మనిషికి సప్పట్లేటి?

నాకేటీ అనిపించలేదు. సంతోషం రాలేదు, ఏడుపూ రాలేదు. గరిట పట్టుకుని అలా నిలబడిపోయేను.

మన బడి పప్పులో పురుగులున్నాయని సేపల ఏటకెళ్లే ధనరాజు ఫోన్లో బొమ్మ ఎట్టేడు. ఊరంతా తిరిగింది. నన్ను పనిలోంచి తీసీడానికి ఆఫీసరు గారొచ్చేరు. మీరేమో ఎనిమిదో క్లాసు పిల్లల్ని కంప్యూటరు ముందు కూకోబెట్టేరు. ఎవలు ఎట్టేరు, ఎప్పటిది, ఎక్కడిది, ఎతకండర్రా అన్నారు. గౌరి పట్టేసింది. మూడేళ్ల కిందటి బొమ్మట, ఇంకో రాష్ట్రానిదట. "సార్, ఇందులో అరల కంచం. మనవి గుండ్రం కంచాలు" అంది. ఆఫీసరు గారు నవ్వీసి జీపెక్కీసేరు.

మంచి సదువే సెప్పేరు. కాదన్ను.

కానీ ధనరాజు కూతురు అమ్మడు మీ క్లాసే గదా. "ఒసే అమ్మడూ, ఇయ్యాళ మీ అయ్య ఏ బొమ్మెట్టేడే? సొరసేపని పట్టేనని ఎట్టమను!" అని తోటి గుంటలు ఏడిపిస్తన్నారు. నిన్న ఆ పిల్ల కంచం తియ్యలేదు. "తినవే తల్లీ" అంటే నా మొకం సూసింది. ఎనక్కి తిరిగి ఎళిపోయింది.

అది సూసింది మేడం గారూ. గురువారం దాని కంచంలోనే పురుగొచ్చింది. ఇంటికెళ్లి అయ్యకి సెప్పింది. ఆడి కాడ బొమ్మ నేదు, ఎక్కడిదో తెచ్చి ఎట్టీసేడు. బొమ్మ అబద్ధమే. పురుగులు నిజం.

సముద్రపు గాలికి పప్పు బస్తా సెమ్మగిల్లిపోయింది. పురుగుల్ని నాను సూసేను. సెరిగేను, ఏరేను, ఇంకా ఉన్నాయి. గంట కొట్టే ఏళయిపోతంది. మీకొచ్చి సెప్పడానికి నోరు రాలేదు. ఉడికిపోతే ఎవలికి తెలుస్తాదిలే అని వండీసేను.

ఈ కాయితం ఎవలు రాసేరని పిల్లలు అడుగుతారు. వంట కూర్మమ్మ అని సెప్పండి.

ఇయ్యాళ పొద్దున్నే వంటగది తీసి, ఆ బస్తా ఈడ్చుకొచ్చి మీ క్లాసు గుమ్మంలో ఎట్టేను. మూతి ఇప్పీసేను. నాతో వండే లక్ష్మణమ్మని పిల్లలకి గుడ్ల కూర సెయ్యమన్నాను. తాళం, ఈ కాయితం దాని సేతికే ఇస్తన్నాను.

పిల్లల్ని దగ్గరకొచ్చి సూడమనండి. అమ్మడిని ముందు నిలబెట్టండి.