పట్టికలో అమ్మ పేరు

నూలు అద్దకంపై కూతురు రాసిన పరిశోధన గ్రంథం ఆ రోజే అప్పగించాలి. నిరుడే అక్షరాలు నేర్చిన తల్లి కంప్యూటర్ ముందు ఆమె పక్కనే కూర్చుంది.

“ఆధారాల పట్టికలోంచి నా పేరు తీసెయ్యవే. అంతమంది పండితుల మధ్య నేనేంటి?”

“సగం రంగులు నువ్వు చెప్పినవేగా అమ్మా!”

“వాళ్లకి పుస్తకం పేరు, అచ్చయిన ఏడాది ఉన్నాయి. నా పేరు పక్కన అన్నీ కామాలూ ఖాళీలే ఉంటాయిగా. చూసి నవ్వుకుని నీ పట్టా ఆపేస్తే?”

“లేని వివరాల కామాలూ ఖాళీలూ ఈ సాఫ్ట్‌వేరే తీసేస్తుందమ్మా. ఇదిగో, నీ పేరు, ‘ముఖాముఖి’, చివర చుక్క.”

“మరి పెద్దవాళ్లకి?”

“వాళ్లకీ చివర అదే చుక్క.”

తల్లి మనసు కుదుటపడింది. కళ్లజోడు సర్దుకుని తెర దగ్గరికి జరిగింది.

“అయితే ఉండనీ. ఆ వేలు అడ్డం తియ్యి, నేనే చదువుకుంటాను.”