వేపచెట్టు మొదట్లో నీళ్లు

అనుపమ మోండా మార్కెట్ నుంచి కూరగాయల సంచితో మారేడ్‌పల్లిలోని ఇంటికి వచ్చేసరికి, చెట్లు కొట్టే ఆయన పెరట్లో వేపచెట్టుకు మోకు కడుతున్నాడు.

“జెర ఆగన్నా. నిన్నెవరు రమ్మన్నరు?”

“మీ సారే ఫోన్ చేసిండమ్మా. వేళ్లతోని పక్కింటోళ్ల గోడ పగిలిందంట గద. రోజూ లొల్లి పెడుతున్నరంట.”

“గోడ మళ్ల కట్టిస్తమని చెప్పిన. చెట్టు మళ్లొస్తదా?”

“నన్నడిగితే ఏం జెప్తనమ్మా? నేను కొట్టేటోన్ని.”

“మీకొక పద్ధతుంటది గద. ఇంటోళ్లు మొదట్ల నీళ్లు పోసి, తప్పయింది తల్లీ అని మొక్కందే చెయ్యి పెట్టరు.”

“అవునమ్మా. మా నాయన కాలం నుంచి గంతే. మొక్కకుంటే రంపం సుత ముట్ట.”

“అయితే నేను మొక్క. చెంబు సుత పట్ట. ఇగ పోయిరా అన్నా.”

ఆయన నవ్వలేదు. మోకు ముడి బిగిస్తూ కిందికి చూపించాడు. మొదలు చుట్టూ మట్టి తడిగా ఉంది. పక్కనే ఆమె పూజచెంబు బోర్లించి ఉంది.

“మీరిట్ల మార్కెట్‌కు పోంగనే సారు పోసిండమ్మా. మొక్కిండు సుత.”

అనుపమ సంచి కింద పెట్టింది.

“జెర ఆగు. ఆ కొమ్మకు నా బట్టల తాడుంది. విప్పుకుంట.”