ముక్కోణం కుడిచేతి వైపు

కాదు, నువ్వే చెప్పు లోర్నా, అరవై ఎనిమిదేళ్ళవాణ్ణి పట్టుకుని పడవకి ముందు కొస ఏది, వెనక కొస ఏది అని అడుగుతారా? బొమ్మ గీసి, బాణం గుర్తులు పెట్టి మరీ! ముందేదో వెనకేదో తెలీకుండానే ఈ ఉప్పునీళ్ళలో యాభై ఏళ్ళు గుల్లలు ఏరానా నేను?

ఉండు, కూచోనీ. మోకాళ్ళు. గడ్డి బాగానే కోస్తున్నారు ఇక్కడ, ఒక్క బెంచీ వేస్తే వీళ్ళ సొమ్మేం పోయిందో! పడుకున్నవాళ్ళకి ఎలాగూ అక్కర్లేదనుకున్నారు కాబోలు.

ఆఁ, ఎక్కడున్నాను? ఆ పరీక్ష దగ్గర.

మే నెలలో మొదలైందిలే ఈ గొడవంతా. పొద్దున్నే రేవు దాటి నాలుగు చేపలు పడదామని వెళ్తున్నా. నీళ్ళ పోలీసు పడవ పక్కకొచ్చి ఆగింది. లోపల గడ్డం సరిగ్గా మొలవని కుర్రాడు.

"కార్డు చూపిస్తారా సార్?"

"ఏం కార్డు నాయనా? పుట్టినరోజుదా?"

"పడవ భద్రత కోర్సు కార్డు సార్. ఈ ఏడాది నుంచి వయసుతో పని లేదు. మోటారు పడవ నడిపేవాళ్ళందరికీ ఉండాలి."

నీకు పాలపళ్ళు రాకముందు నుంచీ ఈ నీళ్ళలో ఉన్నాన్రా అన్నాను. వాడు నవ్వాడు. "తెలుసు సార్. మా నాన్న పడవ ఇసుక తిన్నె ఎక్కితే మీరే తాడేసి లాగారట. ఎప్పుడూ చెప్తుంటాడు."

"మరింకేం?"

"అయినా కార్డు కావాలి సార్."

చూశావా? కసిరేవాడైతే నాలుగు తిట్టి ఇంటికొచ్చేవాణ్ణి. ఇంత మర్యాదగా మెడ కోసేవాళ్ళతో ఏం వాదిస్తాం? పడవ వెనక్కి తిప్పించాడు. తెలిసినవాళ్ళంతా చూస్తుండగా, వాడి వెనకాల, బడి ఎగ్గొట్టి దొరికిపోయిన పిల్లాడిలాగ వచ్చాను రేవుకి.

సరే, చేరాను. అగ్నిమాపక కేంద్రం పైఅంతస్తులో రెండు శనివారాలు, పూటకి నాలుగు గంటలు. వెళ్తే ఏముంది? అందరూ పద్నాలుగు, పదిహేనేళ్ళవాళ్ళు! ఒళ్ళో ఫోన్లు, నోట్లో చూయింగ్ గమ్. తలుపు దగ్గర ఓ పిల్ల నన్ను చూసి, "మనవణ్ణి దింపడానికి వచ్చారా?" అంది. కాదమ్మా, నన్నే దింపారు అన్నాను.

పాఠం చెప్పేది టెసా అని ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి. మెడలో ఈల. ఆ ఈల చూడగానే నాకు సగం ప్రాణం పోయింది. లైఫ్ జాకెట్ వేసుకోవడం నేర్పింది మొదట. గంటసేపు! నేను వేసుకుంటే పొట్ట దగ్గర బకిల్ అందలేదు. "ఊపిరి బిగబట్టండి హార్లన్ గారూ" అంటుంది. బిగబట్టాను. పడింది. వదిలాను. ఊడింది. పిల్లలంతా ఒకటే నవ్వు. తాతకి దగ్గు నేర్పడమంటే ఇదే కాదుటే?

చన్నీళ్ళలో పడితే ముందుగా ఏం చెయ్యాలి అని అడిగింది. చెయ్యెత్తాను. పదకొండు సార్లు పడ్డవాణ్ణి, నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది? "ముందు తిట్టాలి" అన్నాను. కాదట. మొదటి నిమిషం కదలకుండా తేలుతూ ఊపిరి నిలదొక్కుకోవాలట. నిజమే అనుకో. పదకొండు సార్లూ చేసింది అదే. తిడుతూ చేశాను, అంతే తేడా.

పక్క కుర్చీలో కూచుంది రోక్సాన్. నీకు తెలీదులే, ఆవిడ ఈ మధ్యనే వచ్చింది మన ఊరికి. అరవై రెండేళ్ళు. తోలు జాకెట్, వీపు మీద నెరిసిన జడ. ఆ గదిలో నాకు కాక ముడతలున్నది ఇంకా ఆవిడకే. కుర్చీ లాక్కుంటూ, "నువ్వేం నేరం చేశావు?" అంది.

"యాభై ఏళ్ళు పడవ నడిపాను. నువ్వు?"

"నావి రెండు నేరాలు. పొద్దున మోటార్‌సైకిల్ బడి, మధ్యాహ్నం ఈ పడవ బడి."

విను, ఇది నీకు నచ్చుతుంది. ఈవిడ నలభై ఏళ్ళుగా మోటార్‌సైకిల్ నడుపుతోంది. ఫ్లోరిడా దాకా పోయి వచ్చింది, ఎన్నిసార్లో లెక్కలేదు. కానీ లైసెన్సు లేదు! లెర్నింగ్ లైసెన్సే మళ్ళీ మళ్ళీ రాయించుకుంటూ గడిపేసింది మహాతల్లి. ఈసారి ఇన్సూరెన్సువాళ్ళు కుదరదన్నారు. చచ్చినట్టు కోర్సులో చేరింది. పైగా వాళ్ళన్న పోతూ పోతూ ఓ పడవ రాసిచ్చాడట. అదీ నడపాలంటే మళ్ళీ ఇదో కోర్సు.

"కాలేజీ పార్కింగులో టోపీల్లాంటి నారింజరంగు కోన్లు నిలబెట్టి, వాటి మధ్యలోంచి పాములాగ పొమ్మంటాడయ్యా. అదీ నా బండి మీద కాదు. వాళ్ళది, మేకపిల్లంత ఉంటుంది. ఎక్కితే మోకాళ్ళు చెవులకి తగుల్తాయి. ఎనిమిది మంది కుర్రాళ్ళ ముందు దాన్నేసుకుని పక్కకి పడ్డాను. నిలబడి ఉండగా! బండి కదలనైనా లేదు!"

నవ్వలేక చచ్చాననుకో. టెసా ఈల ఊదింది మా ఇద్దరి మీద. అరవైలు దాటాక క్లాసులో మాట్లాడినందుకు చీవాట్లు!

కానీ ఆవిడ ఇంకో మాట అంది. నాకది అస్సలు నచ్చలేదు.

"ఒకటి చెప్పనా? ఇన్నాళ్ళూ బ్రేకు తప్పుగా వేస్తున్నాను నేను. వెనక బ్రేకు ఒక్కటే తొక్కేదాన్ని. ముందుది పట్టుకుంటే ఎగిరి పడతావని మా అన్న ఎప్పుడో అన్నాడు, అదే పట్టుకు వేలాడాను. రెండూ కలిపి మెల్లగా పట్టాలట. బతికి బట్టకట్టానంటే అది నా గొప్ప కాదు, ఎదుటివాళ్ళు పక్కకి తప్పుకోవడం వల్ల."

ఛ, అలా ఒప్పేసుకుంటారా ఎవరైనా? మన పక్షాన నిలబడి ఈ కోర్సుల్ని దుమ్మెత్తిపోయాల్సిన మనిషి! నాకు ఒళ్ళు మండింది. కాఫీ తాగుతూ అటు తిరిగి కూచున్నాను.

ఇక రెండో శనివారం.

టెసా దారి గుర్తుల పాఠం తీసింది. నీళ్ళలో స్తంభాలకి కొట్టి ఉంటాయే, ఆ పలకలు. ఎర్ర పలక, పచ్చ పలక. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ఎర్రది కుడిచేతి వైపు ఉండాలి, పచ్చది ఎడమచేతి వైపు. నీకు నేను చెప్పాలా?

"రంగు కనపడకపోయినా కంగారు పడొద్దు" అంది. "ఎరుపెప్పుడూ ముక్కోణం, పచ్చ ఎప్పుడూ నలుచదరం. ఎండ కళ్ళలో కొట్టినా, రంగు వెలిసిపోయినా ఆకారం చాలు. కొందరికి అసలు ఎరుపుకీ పచ్చకీ తేడానే తెలీదు. మగవాళ్ళలో పన్నెండు మందికి ఒకరు ఉంటారు అలాంటివాళ్ళు."

పన్నెండు మందికి ఒకడట! మనమేమో దాన్ని నలభై రెండేళ్ళు దాచాం లోర్నా, శవాన్ని దాచినట్టు.

పెళ్ళైన ఏడాది జూలై నాలుగు పండగ. ఊరంతా ఒడ్డున బాణాసంచా కోసం కూచుని ఉంటే, నేను పడవని తీసుకెళ్ళి ఇసుక తిన్నె ఎక్కించాను. నువ్వేమో, "ఆ ఎర్రది చూడలేదా?" అన్నావు. నేను "ఏ ఎర్రది?" అన్నాను. నా మొహంలోకి అలా చూశావు కాసేపు. మర్నాడు నాలుగున్నరకి నేను లేచేసరికి కోటు వేసుకుని గుమ్మంలో ఉన్నావు. పడవ ముందు కొసన కూచుని, తిరిగొచ్చేటప్పుడు "ఎరుపు, కుడికి" అన్నావు. అంతే. అదే ఉద్యోగమైపోయింది నీకు. భార్య అంటే హార్లన్ భార్యేరా, మొగుణ్ణి వదిలి ఒక్క పూట ఉండదు అనేవారు జనం. వాళ్ళకేం తెలుసు!

ఆ రెండో శనివారం క్లాసు మధ్యలో కాసేపు వదిలితే, బయట మెట్ల మీద కూచుని ఇదంతా రోక్సాన్‌కి చెప్పాను. అవును, చెప్పాను. నువ్వు తప్ప ఎవరికీ తెలీని సంగతి. ఎందుకు చెప్పానో! గొప్ప కోసమే అనుకో. చూడు నా భార్య ఎలాంటిదో అని.

ఆవిడ డోనట్ తింటూ వింది. "మంచు పడేటప్పుడు కూడా వచ్చేదా?"

"అప్పుడు కూడా."

"చేతులు కొంకర్లు పోవూ?"

"పోయేవి. చివరి ఏళ్ళలో గుండీలు నేనే పెట్టేవాణ్ణి."

"ఆవిడ ఇంకేం పని చెయ్యలేదా?"

"లైబ్రరీలో రమ్మన్నారు ఓసారి. పిల్లల విభాగం. వెళ్ళలేదు."

"ఎందుకు వెళ్ళలేదు?"

"నేనొక్కణ్ణీ నడపలేను కదా" అన్నాను.

చేతికంటిన చక్కెర దులుపుకుంది. "మరి ఆ ముక్కోణం సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"ఇవాళే" అన్నాను.

"హార్లన్" అంది. గొంతు పెంచలేదు. "ఆ అమ్మాయి బొమ్మ చూపించకముందే నువ్వు కాగితం మీద ముక్కోణం గీసి, పక్కన కుడి అని రాశావు. నేను చూశాను."

అంతే. ఇంకో డోనట్ తీసుకుంది. నాకూ ఒకటి ఇవ్వబోయింది. నేను తీసుకోలేదు.

ఏమంటావు? కోర్టులో లాయరు కూడా అలా పట్టుకోడు. మోటార్‌సైకిల్ మీంచి పడే మనిషికి ఎంత కంటిచూపు!

అలా చూడకు. నువ్వు చూడట్లేదని తెలుసులే.

మీ అక్కకి ఆపరేషన్ అయినప్పుడు ఒహాయో వెళ్ళావు గుర్తుందా? తొంభై ఎనిమిది ఆగస్టు. తొమ్మిది రోజులు. ఇంట్లో కూచోవయ్యా, నేనొచ్చేదాకా పడవ తియ్యకు అని చెప్పి వెళ్ళావు. రెండు రోజులు కూచున్నాను. మూడో రోజు వల్లకాలేదు. మెల్లగా, పాకుతున్నట్టు బయల్దేరాను. నువ్వు లేవుగా, చెప్పేవాళ్ళు లేరు. మొదటిసారి ఆ పలకల్ని నా అంతట నేను చూశాను. నువ్వు ఎరుపు అనే ప్రతి చోటా మూడు మూలలు. నువ్వు పచ్చ అనే ప్రతి చోటా నాలుగు మూలలు. రేవు నుంచి సముద్రంలో కలిసే చోటిదాకా వెళ్ళి, తిరిగొచ్చాను. ఒక్కచోట తప్పలేదు. పద్దెనిమిదేళ్ళు కళ్ళ ముందున్నది! చిన్నపిల్లలకి తెలిసే సంగతి. ఎవర్నైనా అడిగి ఉంటే చెప్పేవాళ్ళే. అడిగితే కళ్ళ సంగతి బయటపడుతుందని అడగలేదు.

సంతోషం పట్టలేకపోయాను, తెలుసా? ఆ మాట నీకే ముందు చెప్పాలని బూట్లైనా విప్పకుండా ఫోను దగ్గరికి పరిగెత్తాను. నేలంతా బురద.

నువ్వే ముందు మాట్లాడావు. "హార్లన్, లైబ్రరీవాళ్ళు ఇక్కడికి ఫోన్ చేశారు! నన్నే తీసుకుంటారట. పొద్దున ఏడున్నరకి తలుపులు తియ్యాలి, పిల్లలకి కథలు చదవాలి. నాకు, హార్లన్! కాలేజీ మొహం చూడనిదానికి!" అని నవ్వావు. అలా నవ్వడం ఎన్నాళ్ళయిందో విని. వెనకాల మీ అక్క కూడా ఏదో అంటోంది, ఒప్పుకోమని కాబోలు.

"ఏమంటావు?" అన్నావు.

నోట్లోనే ఉంది లోర్నా. ముక్కోణం, నలుచదరం. రెండే రెండు మాటలు. చెప్తే వెళ్ళిపోతావు. పొద్దున్నే నా ఎదురుగా నీ వీపు ఉండదు. నీ నీలం ఉన్ని టోపీ ఉండదు. ఫ్లాస్కులోంచి సగం కాఫీ నాకు పోసి, సగం నువ్వు తాగడం ఉండదు. ఆ నీళ్ళ మీద నేనూ, ఇంజను చప్పుడూ. అంతే.

"నువ్వు లేకపోతే నేనెలా నడిపేది?" అన్నాను.

"అవునులే, మర్చిపోయాను" అన్నావు.

మర్చిపోయానని నువ్వు నాకు క్షమాపణ చెప్పావు చూడు!

ఆ తర్వాత ఇంకో ఇరవై నాలుగేళ్ళు వచ్చావు. చలికి నీ వేళ్ళు వంకర్లు తిరిగిపోయేదాకా. ఒక్కోసారి నువ్వు చెప్పకముందే నా చెయ్యి చుక్కాని తిప్పేసేది. నువ్వు వెనక్కి తిరిగి చూసేదానివి. మళ్ళీ ముందుకి తిరిగి, "ఎరుపు, కుడికి" అనేదానివి. నీకు తెలుసా అప్పుడు? తెలిసే వచ్చావా? నాకు నిద్ర పట్టాలంటే తెలుసనే అనుకోవాలి. కానీ ఫోనులో ఆ నవ్వు గుర్తొస్తే అలా అనుకోలేను. ఇంకా ఎన్నాళ్ళు అనుకోను? నువ్వు పోయి మూడేళ్ళయింది. ఏ ఒక్క రోజూ ఇక్కడికొచ్చి ఈ మాట ఎత్తలేదు. వాతావరణం గురించి చెప్పాను, చేపల గురించి చెప్పాను, కొత్త పాస్టర్‌ని తిట్టాను.

ఆవిడ ఎవరో డోనట్ తినేది అడిగేదాకా.

పరీక్ష అయిపోయింది. యాభైకి నలభై తొమ్మిది. టెసా చెయ్యి పట్టుకుని ఊపేసింది, క్లాసులో నేనే మొదటివాణ్ణట. పద్నాలుగేళ్ళవాళ్ళందరి కంటే! గర్వపడు మరి. నిన్ననే పోస్టులో కార్డు కూడా వచ్చింది. జేబులోనే ఉంది. చూపించను, నీకెందుకు.

నువ్వు లేకుండా నడపలేనన్నాను ఆ రోజు. నడపగలను లోర్నా. అప్పటికే నడపగలిగేవాణ్ణి.

ఇప్పుడు ప్రభుత్వం కూడా ముద్రేసి మరీ రాసిచ్చింది. ఈ మనిషి ఒంటరిగా పడవ నడుపుకోగలడు అని.